అరవై ఒక్క వేలిముద్రలు

మార్చి 11

సెలెస్తీనా గారికి, రోసాల్వా గారికి, మారివిక్ గారికి,

ఇప్పుడు రాయకపోతే, మనం కలిసి పని ఆపుదామనుకున్న మార్చి ఇరవై మన చేతిలోంచి జారిపోతుంది. అందుకే రాస్తున్నాను. సముద్రంలోని ఈ మా మంచె పంపింది దొంగ జాబితా అని కంపెనీ మీ ముగ్గురికీ చెప్పింది. మా మంచె మీద మంచాలు యాభై రెండు, జాబితాలో వేలిముద్రలు అరవై ఒకటి అని చూపించింది. ఆ లెక్క నిజమే. ఆ జాబితా రాసింది నేనే. అలా ఎందుకు రాశానో చెప్పకుండా మమ్మల్ని నమ్మండని మిమ్మల్ని అడగలేను.

నా పుస్తకంలోంచి కొన్ని రోజులు ఉన్నవి ఉన్నట్టు కింద ఎక్కిస్తున్నాను. నాకు తలవంపులైన చోట్లు కూడా తీసెయ్యలేదు. ఇన్నాళ్లూ మనం నాజిళ్ల నివేదికలో 'ఇతర విషయాలు' అన్న గడిలో రాసుకున్నాం, దాన్ని ఎవరూ చదవరనుకున్నాం. కంపెనీ చదువుతోందని ఇప్పుడు తెలిసింది. చదవనివ్వండి. నాలుగు సముద్రాల అవతలికి మాట పంపడానికి నాకు ఆ గడి తప్ప ఇంకో దారి లేదు.

నా తెలుగు మీ దగ్గర ఏ భాషలోకి ఎలా మారి వస్తుందో తెలియదు. అర్థం కాని చోట అడగండి, కోపం తెచ్చుకోకండి.

ఫిబ్రవరి 2

ఇవాళ నాలుగో గొట్టం మా వంతు. ఆరింటికి నిచ్చెనలెక్కి రెండింటికి దిగాం. మూడు వందల పన్నెండు నాజిళ్లు విప్పితే తొంభై మూడు పూడిపోయి ఉన్నాయి. నివేదికలో కారణం అన్నచోట ఎప్పటిలాగే 'ఉప్పు' అని రాశాను.

సన్నాసమ్మ పెద్దమ్మ చోటులోకి వచ్చిన ఢిల్లమ్మకి నూకరత్నం పని నేర్పుతోంది. పెద్దమ్మ నవంబరులో ఇదే నాలుగో గొట్టం నిచ్చెన మీంచి పడి చనిపోయింది. మెట్టు కనపడలేదు ఆమెకి. ఆ మాట ఢిల్లమ్మకి ఎవరూ చెప్పలేదు.

"ఇదిగో, ఈ బిల్లకి కంటికి కానరానన్ని కన్నాలుంటాయి," అంటోంది నూకరత్నం. "సముద్రం నీల్లు ఈటిలోంచి పొగలాగ పైకెల్లి మబ్బుని తెల్లగ సేస్తాయి. తెల్ల మబ్బు ఎండని ఎనక్కి కొడతాది. అప్పుడు ఎక్కడో ఒక దొరసానికి సల్లగ నిద్ర పడతాది."

"మరి మనకో?" అంది ఢిల్లమ్మ.

"మనకి కల్లు మండతాయి. పని పంచుకున్నాం కదే, ఆల్లది నిద్ర, మనది మెలకువ."

పక్కనే టార్పాలిన్ కింద మూడు యంత్రాలున్నాయి. నాజిళ్లు శుభ్రం చెయ్యడానికే వచ్చాయి, ఒక వర్షాకాలంలో తుప్పు పట్టాయి. బాగుచెయ్యాలంటే ఓడ రావాలి. మాలో ఒకరు పాడైతే ఓడ అక్కర్లేదు, ఊళ్లోంచి ఇంకొకరిని మేమే తీసుకొస్తాం.

అమ్మని చూశాను. నాజిల్‌ని లెన్సు కింద పెట్టలేదు. పెదాల మధ్య పెట్టుకుని మెల్లగా ఊదింది. ఊపిరి ఎక్కడ ఆగిందో అక్కడ సూది పెట్టింది. మళ్లీ ఊదింది. కింది పెదవి ఉప్పుకి పగిలిపోయి ఉంది. "అమ్మా, లెన్సు వాడు," అంటే, "లెన్సుకంటే నోరు నయం, ఎలుగుతో పన్నేదు," అంది.

వచ్చే నెల చూపు పరీక్ష ఉంది. తప్పినవాళ్లని ఒడ్డుకి పంపేస్తారు.

ఫిబ్రవరి 6

మారివిక్ గడిలో రాసింది: నాలుగు మంచెలూ ఒకే రోజు పని ఆపాలి. తమ సమార్ మంచె వాళ్లు నిరుడు ఒంటరిగా నాలుగు రోజులు ఆగారట. ఆ నాలుగు రోజులూ వాళ్ల పని మిగిలిన మూడు మంచెల మీదికి మారిందట, స్విచ్చి నొక్కినంత తేలిగ్గా. అయిదో రోజు వాళ్లు మళ్లీ నిచ్చెనలెక్కారు.

తేదీలు చూశాను. ఆ నాలుగు రోజులూ మాకు రెండు షిఫ్టులు పడ్డాయి. గుర్తుంది. చేతినిండా పని దొరికిందని సంబరపడ్డాం. వంజరం పులుసు వండుకున్నాం. సమార్ అనే చోటుందని కూడా అప్పటికి మాకు తెలియదు.

ఈ సంగతి దానమ్మప్పకి చెప్పాను. మా మంచె మీద అందరికీ పెద్ద ఆవిడే. గంటకి ఒక మాట మాట్లాడుతుంది. ఇది విని అంబలి గిన్నె కింద పెట్టేసింది. తర్వాత, "ఏటి కావాలంట ఆల్లకి?" అంది.

"ఎవరెవరు ఆగుతారో పేర్లు, వేలిముద్రలు. ప్రతి మంచె మీదా మూడింట రెండు వంతుల మందైనా ఉండాలంట. ఎంతమందిమి రాయమంటావు?"

ఆవిడ వేళ్లు మడవలేదు. ఒక్క క్షణం ఆలోచించలేదు. "అరవైయొక్కరం," అంది.

రాసుకున్నాను.

ఫిబ్రవరి 8

నిన్నటి పడవలో ఒడ్డుకెళ్లి ఇవాళ తిరిగొచ్చాను. మా పాత ఊరు నీళ్లలో ఉంది, ఇప్పటి ఊరు జీడితోటల వెనకాల. ఇదివరకు మంచె మీద పనిచేసినవాళ్ల ఇళ్లకి తిరిగి తొమ్మిది వేలిముద్రలు తెచ్చాను. ఏడుగురికి చూపు లేదు. పొట్టెమ్మ కుడిచేతిని ఉప్పు తినేసింది, ఆమె ఎడమ బొటనవేలు వేసింది. సన్నాసమ్మ పెద్దమ్మ వాటాకి ఆమె కూతురు వేలు వేసింది. ఏడాది తిరగలేదు కదా, వాటా ఇంకా ఆ ఇంటిదే.

అందరూ మంచినీళ్లిచ్చారు. ఒక్కరూ ఎందుకని అడగలేదు. అందరూ అడిగింది ఒక్కటే: "మమ్మల్ని కూడా రాస్తన్నారా?"

ఫిబ్రవరి 9

జాబితా పంపాను. అరవై ఒకటి. ఒకే వరస, ఒకే శీర్షిక: 'పనిచేసేవారు'. నా దస్తూరీ బాగుందని మారివిక్ రాసింది.

ఫిబ్రవరి 21

మధ్యాహ్నం మేనేజరు దినకర్ గారు అందర్నీ భోజనాల షెడ్డులో కూర్చోబెట్టారు. ఆయన అరిచే మనిషి కాదు. కుర్చీ కూడా వేసుకోలేదు.

"అమ్మా, మీరు ఆగుతామంటే ఆగండి, అది మీ ఇష్టం. కానీ ఈ మంచె మీద మంచాలు యాభై రెండు. మీ జాబితాలో వేళ్లు అరవై ఒకటి. ఆ తొమ్మిది వేళ్లూ ఎవరివి? ఇదే ప్రశ్న మిగిలిన మూడు మంచెలకీ పంపాం. మీరు వాళ్లతోనే నిజం చెప్పనప్పుడు మాతో ఏం చెబుతారు?"

ఆయన నా వైపు చూడలేదు, గానీ రాసింది ఎవరో ఆయనకి తెలుసు. ఈ మంచె మీద రాయగలిగింది నేనొక్కదాన్నే.

వెళుతూ, "పేర్లు రాయడం నేర్చుకున్నారు, బాగుంది. లెక్క కూడా నేర్చుకోవాలి," అన్నారు.

ఫిబ్రవరి 22

గడిలో మూడు జవాబులు.

రోసాల్వా: "మాకు అబద్ధం చెప్పారు. అరవై ఒకటి అంటే అరవై ఒక్క జతల చేతులు ఆగుతాయని మేం అనుకున్నాం. లేని చేతులు పని ఎలా ఆపుతాయి? శుభ్రమైన జాబితా పంపండి. లేకపోతే మా పిస్కో మంచె మీతో ఆగదు."

సెలెస్తీనా: "మా దగ్గర వెళ్లిపోయినవాళ్ల పేర్లు ఎత్తం. పంపేటప్పుడే కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. మీరు వాళ్లని ఎందుకు లాక్కొచ్చారో నాకు అర్థం కాలేదు."

మారివిక్: "పోయినసారి నాలుగు రోజులు."

మారివిక్ మాట అన్నిటికంటే ఎక్కువ తగిలింది.

ఫిబ్రవరి 23

దానమ్మప్ప దగ్గర కూర్చున్నాను. ఆవిడ సూదులు నూనెలో నానబెడుతోంది. నూకరత్నం, అమ్మ పక్కనే ఉన్నారు.

"అప్పా, అక్కడ పన్చేసేవాళ్లెందరని అడిగినారు."

"ఆల్లు పన్చెయ్యనేదేటి?"

"ఇప్పుడు చెయ్యట్లేదు కదప్పా."

"పడవ ఏటకెల్లినప్పుడు జొరమొచ్చి ఒడ్డునున్నోడు ఏట సెయ్యనేదు. ఆడి వాటా ఆడింటికి ఎల్లనేదా? మీ తాతకి కాలిరిగి రెండేల్లు మంచాన పడితే నీ తల్లి ఏటి తిని పెరిగినాది? పడవకో వాటా, వలకో వాటా, ఏటకెల్లినోడికో వాటా, ఎల్లలేనోడికో వాటా. సముద్రం తినీసినోడి ఇంటికి ఏడాదొరకూ వాటా. ఎంతమందిమంటే అలగే సెప్తాం. నువ్వడిగినావు, నాను సెప్పినాను."

"ఇది పడవ కాదప్పా."

"నీటి మీదున్నాది, తూలతన్నాది, మునిగితే అందరం మునుగుతాం. మరేటిది?"

నూకరత్నం సూది ఎత్తి చూపించింది. "వలకీ వాటా ఉంటాదని మరిసిపోనాం. ఈ సూదికి కూడా ఒక ఏలిముద్ర ఎయ్యించీసుంటే అరవైరెండయ్యేది. దినకర్ బాబు ఇంకా మురిసిపోయేవోడు."

అందరూ నవ్వారు. దానమ్మప్ప కూడా నవ్వింది.

ఇందులో ఆవిడ తప్పేం లేదు. ఆవిడ ఆ శీర్షిక చదవలేదు. నేను చదివాను. చదివి, నాకు పుట్టినప్పటినుంచీ తెలిసిన లెక్కని దాని కింద రాసేశాను. ఒడ్డున ఉన్నవాళ్లని కలపడం గురించి ఇంకొకరు అడుగుతారని నాకు తట్టనే లేదు. మా ఇంట్లో మొదట బడికెళ్లింది నేను. పన్నెండేళ్ల చదువులో ఇలాంటి కాగితాలు ఎన్నో నింపాను. ఒక గడిలో ఏం అడుగుతున్నారో చూసి రాయాలని తెలియకపోవడానికి నాకు సాకు లేదు.

మార్చి 1

అలిసిపోయి ఉన్నాను. రెండో గొట్టం మీద నూట ముప్పై పూడిపోయాయి. గాలి ఒడ్డు వైపు తిరిగింది, తుంపర మా మీదికే వస్తోంది. కళ్లద్దాలు అడిగితే వచ్చే ఓడలో అన్నారు. ఆ మాట కిందటి నవంబరులో కూడా రాసుకున్నట్టున్నాను.

మార్చి 4

శుభ్రమైన జాబితా రాశాను. తొమ్మిది పేర్లు తీసేస్తే యాభై రెండు మిగిలాయి. పది నిమిషాల పని. మంచె మీద ఉన్నవాళ్లందరూ మళ్లీ వేలు వేశారు, దానమ్మప్ప తప్ప.

"నానెయ్యను."

"అప్పా, ఒక్కరు తగ్గినా చాలు. మూడింట రెండు వంతులు దాటిపోయాం. పంపీనా?"

"పంపీ. నన్నడగడమెందుకు? పెద్దదానివైపోనావు. దినకర్ బాబు లెక్క నేర్సుకోమన్నాడు, నేర్సీసుకున్నావు."

ఆ మాట తర్వాత కాగితం మడిచి దిండు కింద పెట్టాను. పంపలేదు. ఎందుకు పంపలేదో నాకే సరిగ్గా తెలియదు. అందరూ సరే అన్నారు, రోసాల్వా అడిగింది అదే, మారివిక్‌కి మేం బాకీ ఉన్నది కూడా అదే. అయినా కంపెనీ ముందు పెట్టబోయే మన కోరికల్లో మూడోది ఏమిటి? చూపు పోయినవాళ్లని ఉత్తచేతులతో ఒడ్డున దింపకూడదు, వాళ్లకి వైద్యం, కూర్చుని చేసే పని ఇవ్వాలి. ఆ కోరిక ఎవరి కోసమో వాళ్ల పేర్లే నేను కొట్టేశాను.

మార్చి 6

చూపు పరీక్ష పలక మీద ముక్కాలిపీటల్లాంటి బొమ్మలుంటాయి. పీట కాళ్లు ఎటున్నాయో చెప్పాలి. మా వాళ్లకి కుడి ఎడమలు తడబడతాయని దానమ్మప్ప ఎప్పుడో మార్చేసింది: సముద్రం వైపు, ఒడ్డు వైపు, పైకి, కిందికి. కింది రెండు వరసలూ అందరికీ కంఠతా వచ్చు. కొత్తవాళ్లకి పాతవాళ్లు చెబుతారు. పని చేసుకుంటూ లోపల్లోపల అనుకుంటారు.

అమ్మ అంబలి తాగుతూ అంటోంది: "సముద్రం, సముద్రం, పైకి, ఒడ్డు, కిందికి, ఒడ్డు..."

"అమ్మా, పై వరసలు కనిపిస్తున్నాయా?"

"పలక కానొస్తాది."

"పలక మీదవి?"

"పలక కానొస్తాదే," అంది మళ్లీ, కొంచెం గట్టిగా.

పై వరసలు కూడా నేనే చెప్పాను. రాత్రికల్లా అమ్మ పలక మొత్తం నేర్చేసుకుంది. చదువు రాని మనిషికి ఇంత గుర్తెలా ఉంటుందో! అమ్మకి నలభై ఆరేళ్లు.

మార్చి 9

చూపు పరీక్ష. ఒకరి తర్వాత ఒకరం లోపలికెళ్లాం. నా తర్వాత అమ్మ. తలుపు తీసే ఉంది, బయటినుంచి చూస్తున్నాను.

పలక లేదు. దాని చోటులో తెర పెట్టారు. బొమ్మలు ఒక్కొక్కరికీ ఒక్కోలా వస్తున్నాయి. నాకు కళ్లున్నాయి కాబట్టి చూసి చెప్పేశాను, అమ్మని హెచ్చరించాలని తట్టేలోపే ఆమె వెళ్లి కూర్చుంది.

అమ్మ వీపు నిటారుగా పెట్టుకుంది. ఒక కన్ను మూసుకుంది. చాలా స్పష్టంగా, ఎక్కడా ఆగకుండా చెప్పింది. "సముద్రం. సముద్రం. పైకి. ఒడ్డు. కిందికి. ఒడ్డు." పన్నెండూ చెప్పింది. పన్నెండూ పాత పలకవే. పరీక్ష చేసే అమ్మాయి మధ్యలో ఆపలేదు. పూర్తయ్యాక, "అమ్మా, తెర ఇంకా వెలిగించలేదు," అంది.

అమ్మకి అర్థమైంది. లేచి, చీర సర్దుకుని, "అయితే ఎలిగించమ్మా," అంది.

వెలిగించింది. అమ్మ చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఏమీ చెప్పలేదు.

మార్చి 10

పొద్దున్న ఎనిమిదింటి పడవకి అమ్మని పంపేశారు. వెళ్లేముందు మూట కడుతూ కూర్చుంది. నేనూ దానమ్మప్పా చెరో పక్క. మూట ముడి నేను విప్పి మళ్లీ కట్టాను.

"ఆ కాయితం పంపినావా?" అంది అమ్మ.

"నేదు."

"నా పేరు కొట్టీ. యాబైయొకటని రాసి పంపీ."

"అమ్మా..."

"ఏటమ్మా? ఆ రోసాల్వా ఏటన్నాది? నేని సేతులు పనెలగాపుతాయి అన్నాది. నిజిమే కదే. ఒడ్డున కూకుని నానేటి ఆపుతాను? పొయ్యిలో మంటా? నా ఒక్కదాని పేరు కోసం నాలుగూల్ల పని సెడగొట్టకు."

దానమ్మప్ప వైపు చూశాను, ఏమైనా అంటుందని. ఆవిడ నా ఒళ్లో ఉన్న పెట్టెలోంచి కలం తీసి నా చేతిలో పెట్టింది. "మీయమ్మ సెప్పింది కదా. కొట్టీ. నీ సేత్తో కొట్టు, నానేటన్ను. నువ్వు కొట్టీసినాక నాను ఏలేస్తాను."

కాగితం తీశాను. అమ్మ పేరు పదకొండోది. సూరాడ గురమ్మ. తొమ్మిది పేర్లు తీసెయ్యడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఆ తొమ్మిదిమందికీ కూతుళ్లున్నారు. వాళ్లెవరి చేతికీ నేను కలం ఇవ్వలేదు. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది. ముందే తెలిసి ఉండవలసింది.

కాగితం తిప్పి వెనకవైపు పైనుంచి కిందికి ఒక గీత గీశాను. ఎడమ పక్కన మంచె మీద ఉన్న యాభై ఒక్క పేర్లు రాశాను. కుడి పక్కన ఏ పేరూ వదలకుండా ఒడ్డున ఉన్నవాళ్లని రాశాను, ఎవరికి ఏమైందో పేరు పక్కనే. పడవవాడు రెండుసార్లు కేకేశాడు. నూకరత్నం వాడితో పోట్లాట పెట్టుకుంది: "ఉండరా బావు, నీ పడవేటి ఇమానమా, గాల్లో ఆగలేకపోడానికి?"

అమ్మ వేలికి సిరా రాశాను.

"ఎటేపు ఎయ్యాలి?"

"కుడివైపు."

"అక్కడెవులున్నారు?"

చదివాను. పొట్టెమ్మ. ముగ్గురు అప్పయ్యమ్మలు. తవుడమ్మ. గౌరి. ఎల్లారమ్మ. చిన్నమ్మి. సన్నాసమ్మ పెద్దమ్మ.

"సెప్పినాను కదే కొట్టీమని," అంది అమ్మ. ఆ తర్వాత చెయ్యి చాచింది. ఆ వేలు పట్టుకుని చోటు నేనే చూపించాను. దానమ్మప్ప ఎడమవైపు వేలు వేసింది. అమ్మ తాడు తడుముకుంటూ పడవలోకి దిగింది. ఇటు తిరిగి చెయ్యి ఊపింది, నేను నిలబడ్డ వైపు కాదు, కొంచెం పక్కకి.

మార్చి 11

మళ్లీ మీకు.

జాబితా దీనితో పంపుతున్నాను. ఎడమ వరసలో యాభై ఒకటి. కుడి వరసలో పది. ఇందులో పేరు పక్కన వేలు లేనివాళ్ల ముద్రలు ముందటి జాబితాల్లో ఉన్నాయి. కుడి వరసలోని పదింటిలో ఒకటి చనిపోయిన మనిషిది. సూరాడ సన్నాసమ్మ, నవంబరు పదిహేడున నాలుగో గొట్టం నిచ్చెన మీంచి పడిపోయింది. ఆ వేలు ఆమె కూతురిది. ఇది కంపెనీ ఇంకా కనిపెట్టలేదు. వాళ్లు చెబితే మీరు వినేకంటే నేను చెబితే మీరు వినడం మేలనిపించింది. దీని వల్ల మీకు మా మీద ఇంకా కోపం వస్తే అది నేను పడాలి, దానమ్మప్ప కాదు.

రోసాల్వా గారూ, మీ ప్రశ్నకి జవాబు ఇది. లేని చేతులు పని ఆపలేవు. పని ఆపేది ఎడమ వరస. మూడింట రెండు వంతులు ఎడమ వరసలోంచే లెక్కపెట్టండి, మాకు అభ్యంతరం లేదు. కుడి వరసని ఓట్లలో కలపమని అడగడం లేదు. కానీ దాన్ని చించెయ్యం. అక్కడున్న పేర్లు లేకుండా మన మూడో కోరికని కంపెనీ ముందు పెడితే, "ఎవరికి పోయింది చూపు, చూపించండి" అంటారు. అప్పుడు మన దగ్గర యాభై ఒక్క జతల మంచి కళ్లు తప్ప ఏమీ ఉండవు.

అందుకే మీ కుడి వరస కూడా కావాలి. సెలెస్తీనా గారూ, మీ దగ్గర పేర్లెత్తరని రాశారు. సంతకం పెట్టిన కాగితం వెళ్లిపోయినవాళ్ల నోరు కట్టింది. మంచె మీద ఉన్నవాళ్ల నోరు కట్టిందా? ఎందరో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. నేను మాది పది అని రాయగలుగుతున్నాను, మా ఊళ్లో వాళ్లని లెక్కలోంచి తీసెయ్యడం ఎవరికీ చేతకాలేదు కాబట్టి. మీ దగ్గర పది ఉండొచ్చు, నలభై ఉండొచ్చు. నాలుగు మంచెలూ కలిపితే ఎంతవుతుందో ఇప్పటివరకూ ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. కంపెనీకి తెలిసి ఉంటుంది.

మారివిక్ గారూ, నిరుడు జూన్‌లో మీరు ఆగిన నాలుగు రోజులూ మీ నాజిళ్లు మేం తీశాం. తెలియక తీశాం, సంతోషంగా తీశాం. మేము ఆ మాట ఇంతవరకూ మీకు చెప్పలేదు. క్షమించమని దానమ్మప్ప రాయమంది.

మీరు ముగ్గురూ రాకపోయినా మేం యాభై ఒక్కరం ఇరవయ్యో తారీఖున నిచ్చెనలెక్కం. నిన్న సాయంత్రం అందరూ అదే అన్నారు. అప్పుడు మా పని మీ గొట్టాల మీదికి వస్తుంది, మీకు రెండు షిఫ్టులు పడతాయి. అది ఎవరి పనో ఈసారి మీకు తెలిసే ఉంటుంది. బెదిరించడానికి రాయడం లేదు. మాకు తెలిసి ఉంటే ఏం చేసేవాళ్లమో అని నేను చాలాసార్లు అనుకున్నాను, మేం ఆగి ఉండేవాళ్లమని గట్టిగా చెప్పలేకపోయాను.

పదిహేనో తారీఖు పడవలో కొత్తవాళ్లు వస్తున్నారు, అమ్మ చోటులోకి కూడా. వాళ్లు దిగేలోపు ఏం చెప్పాలో మాకు తెలియాలి: నాలుగు మంచెలు ఆగుతున్నాయనా, ఒక్కటే ఆగుతోందనా. కాబట్టి మార్చి పద్నాలుగు పొద్దున్న ఆరింటి నివేదికలో, ఇదే గడిలో, మీ జవాబు రాయండి. వచ్చేట్టయితే మీ కుడి వరసలోని పేర్లతో రాయండి. పేర్లు దొరక్కపోతే అంకె రాయండి. రాకపోయేట్టయితే రామనే రాయండి, గడి మాత్రం ఖాళీగా వదలకండి.

సూరాడ సంపూర్ణ